వాక్యం చూపించి అడగండి

ఇంగ్లిష్ ప్రశ్నపత్రాలు కూర్చే పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

మీ పేర్లు మాకు తెలియవు, తెలియకూడదు కూడా. పేపర్ ఎవరు కూర్చారో బయటికి పొక్కకపోవడమే ఆ పనికి మర్యాద. అందుకే ఈ ఉత్తరం ఇలా నలుగురి ఎదుటా రాయాల్సి వచ్చింది. బడిలో పరీక్షలకు పేపర్ రాసేవారూ, టెట్‌కూ డీఎస్సీకీ ఇతర ఉద్యోగ పరీక్షలకూ బిట్లు రాసేవారూ, గైడ్లకు మోడల్ పేపర్లు అల్లిపెట్టేవారూ, అందరూ దీన్ని తమకు రాసినట్టే అనుకోండి. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పి రిటైరైనదాన్ని. ఇప్పుడు సాయంత్రాలు మా వీధి పిల్లలకూ, పోటీ పరీక్షలకు చదువుకునే కొందరికీ గ్రామర్ చెబుతుంటాను.

విషయం చిన్నదే. ఈమధ్య నా దగ్గర టెట్‌కు చదువుకుంటున్న ఒకమ్మాయి ఒక మోడల్ పేపర్ తెచ్చింది. అందులో ఒక బిట్ ఇలా ఉంది: "‘ఫాస్ట్’ అనే పదం ఏ పార్ట్ ఆఫ్ స్పీచ్?" కింద నాలుగు ఆప్షన్లు: నౌన్, వెర్బ్, యాడ్‌జెక్టివ్, యాడ్‌వర్బ్. ప్రశ్నలో వాక్యం లేదు. పదం ఒక్కటే. వెనక కీలో మాత్రం యాడ్‌జెక్టివ్ అని ధీమాగా ఉంది. "మేడం, నాలుగూ రైటే కదా?" అందా అమ్మాయి.

నాలుగూ రైటే. ‘ద ఫాస్ట్ ట్రైన్ లెఫ్ట్ ఎర్లీ’ అంటే అక్కడ ఫాస్ట్ రైలు ఎలాంటిదో చెబుతోంది, యాడ్‌జెక్టివ్. ‘హి రన్స్ ఫాస్ట్’ అంటే పరుగు ఎలా ఉందో చెబుతోంది, యాడ్‌వర్బ్. ‘దే ఫాస్ట్ ఆన్ ఏకాదశి’ అంటే ఉపవాసం ఉంటారు, వెర్బ్. ‘హర్ ఫాస్ట్ ఎండెడ్ ఎట్ సన్‌సెట్’ అంటే ఆ ఉపవాసం ముగిసింది, నౌన్. వాక్యం లేకుండా ‘ఫాస్ట్ ఏమిటి’ అని అడిగితే చదువుకున్న పిల్ల నాలుగింటి మధ్యా కొట్టుమిట్టాడుతుంది, చదవని పిల్ల టిక్కు పెట్టి పోతుంది. మార్కు ఎవరికి పడుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

మనం తలకెత్తుకుని తిరిగే రెన్ అండ్ మార్టిన్ పుస్తకమే ఈ సంగతి చెప్పింది. 1930ల్లో, ఇక్కడి తెల్ల అధికారుల పిల్లల కోసమని వచ్చిన పుస్తకం అది. తర్వాత మన బడుల్లోకి వచ్చి ఇప్పటికీ కదల్లేదు. ఎన్.డి.వి. ప్రసాదరావు గారు సవరించిన ప్రతి మా తరం టీచర్లలో చాలామంది ఇళ్లలో ఉంది. అందులో పార్ట్స్ ఆఫ్ స్పీచ్ పాఠం తెరిచి చూడండి. పదం వాక్యంలో చేసే పనిని బట్టే దాని తరగతి తేలుతుంది కాబట్టి, వాక్యంలో చూడనిదే అది ఫలానా అని చెప్పలేమని అక్కడే ఉంది. పేజీ తిప్పి లిస్టు బట్టీ పట్టించేవారు ఆ మాట దాటేసి పోతారు. లిస్టులోంచి బిట్లు తీసేవారు ఎలాగూ దాటేస్తారు.

ఇది గైడ్ల జబ్బు, మాకు సంబంధం లేదని మీరు అనవచ్చు. పెద్ద పరీక్షల్లో వాక్యం ఇచ్చి, గీత గీసిన పదాన్నే అడుగుతున్నారు, ఒప్పుకుంటాను. అక్కడ చిక్కు ఇంకో రకంగా వస్తోంది. ‘బిఫోర్’ అనే ఒక్క మాట తీసుకుందాం.

‘షి రీచ్డ్ హోమ్ బిఫోర్ ద రెయిన్.’ ఇక్కడ బిఫోర్ తర్వాత ‘ద రెయిన్’ అనే నౌన్ ఉంది, కనుక ప్రిపొజిషన్. ‘షి రీచ్డ్ హోమ్ బిఫోర్ ఇట్ రెయిన్డ్.’ ఇక్కడ దాని తర్వాత కర్తా క్రియా ఉన్న చిన్న వాక్యం ఉంది, కనుక కంజంక్షన్. ‘ఐ హావ్ సీన్ హర్ బిఫోర్.’ ఇక్కడ దాని తర్వాత ఏమీ లేదు, ఎప్పుడు చూశానో చెప్పి ఊరుకుంది, కనుక యాడ్‌వర్బ్. ఇది బడి గ్రామర్. శుభ్రంగా ఉంటుంది. ఏడో తరగతి పిల్లలకు ‘బిఫోర్ తర్వాత ఏముంది, చూడు’ అని ఒక్క సూత్రం చెబితే మూడూ వాళ్లే తేలుస్తారు. నేను చెప్పించి చూశాను.

అయితే 2002లో వచ్చిన కేంబ్రిడ్జి వారి పెద్ద గ్రామర్, హడిల్‌స్టన్, పులమ్ గార్లు కూర్చినది, ఈ మూడింటినీ ప్రిపొజిషన్ అనే అంటుంది. వెర్బ్ తర్వాత ఆబ్జెక్ట్ ఉన్నా లేకపోయినా అది వెర్బే కదా, ‘షి ఈట్స్ రైస్’లోనూ ‘షి ఈట్స్’లోనూ ఈట్స్ ఒకటే కదా, మరి ప్రిపొజిషన్‌కు మాత్రం ఆ వెసులుబాటు ఎందుకు లేదని వారి వాదం. కంప్యూటర్ల చేత ఇంగ్లిష్ వాక్యాలకు గుర్తులు పెట్టించేవారు దశాబ్దాలుగా వాడుతున్న పెన్ ట్రీబ్యాంక్ పద్ధతిలో మాటలకు 36 గుర్తులున్నాయి. అందులో ప్రిపొజిషన్‌కూ, ఇలా చిన్న వాక్యాన్ని కలిపే కంజంక్షన్‌కూ కలిపి ఒకే గుర్తు. తర్వాత వచ్చిన యూనివర్సల్ డిపెండెన్సీస్ పద్ధతిలో మొత్తం 17 గుర్తులే, కానీ ఆ రెండింటికీ అందులో వేర్వేరు గుర్తులు. ఇన్ని తలలు ఇన్ని రకాలుగా లెక్కపెట్టిన చోట, ఎనిమిదేళ్ల పిల్ల ముందు పార్ట్స్ ఆఫ్ స్పీచ్ ఎనిమిదే అని బల్లగుద్ది చెబుతున్నాం మనం.

ఆ ఎనిమిది కూడా ఎక్కడినుంచి వచ్చిందో ఒకసారి చూడండి. క్రీ.పూ. 2వ శతాబ్దపు డయొనీసియస్ థ్రాక్స్ పేరు మీద ఉన్న గ్రీకు వ్యాకరణంలో ఎనిమిది భాగాలున్నాయి. అందులో ఆర్టికల్ ఉంది, ఇంటర్‌జెక్షన్ లేదు. యాడ్‌జెక్టివ్ విడిగా లేదు, నౌన్‌లోనే కలిసి ఉంది. లాటిన్‌లో ఆర్టికల్సే లేవు. లెక్క ఎనిమిది తగ్గకుండా అక్కడివాళ్లు ఇంటర్‌జెక్షన్‌ను లోపలికి తెచ్చారు. 1586లో విలియం బులోకర్ మొట్టమొదటి ఇంగ్లిష్ వ్యాకరణం రాసినప్పుడు లాటిన్ కొలతలతో కుట్టిన చొక్కానే ఇంగ్లిష్‌కు తొడిగాడు. అప్పటినుంచి చేతులు కత్తిరించేవారు కత్తిరించారు, జేబులు కుట్టేవారు కుట్టారు. 1795లో లిండ్లీ మరే తన వ్యాకరణంలో ఆర్టికల్‌ను విడదీసి తొమ్మిది అన్నాడు. యార్క్ నగరంలో ఒక ఆడపిల్లల బడి కోసం ఆయన రాసిన ఆ పుస్తకం అట్లాంటిక్‌కు అటూ ఇటూ బడి పుస్తకమై కూర్చుంది. రెన్ అండ్ మార్టిన్ మళ్లీ ఎనిమిది అంది. ఈ కథ పరీక్షలో అడగమని నా కోరిక కాదు, దయచేసి అడక్కండి. ఎనిమిది శిలాశాసనం కాదని మీకు గుర్తుంటే నాకు చాలు.

ఇక మన పిల్లల దగ్గరికి వస్తాను. మీరు ఢిల్లీలో కూర్చుని పేపర్ రాసేవారైతే ఈ భాగం మీకు తెలిసే అవకాశం తక్కువ. తెలుగు నేల మీద కూర్చునే రాస్తుంటే తెలిసి ఉండాలి. తెలుగు పిల్ల బడిలో ఐదు భాషాభాగాలు నేర్చుకుని వస్తుంది: నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం. ఇది మంచి పెట్టుబడి. మేం మొదటి నాలుగింటినీ నేరుగా వాడుకుంటాం. తప్పులు ఎక్కడ వస్తాయో కూడా ఈ పెట్టుబడే చెబుతుంది.

‘మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్’ అనే వాక్యంలో వెర్బ్ ఏదని అడగండి. సగం మంది పిల్లలు ‘ఫార్మర్’ అంటారు. కొందరు ‘లేదు మేడం’ అంటారు. ‘మా నాన్న రైతు’ అని తెలుగులో చెప్పినప్పుడు క్రియ లేనేలేదు, వాళ్లకు అది కొత్త కూడా కాదు. దానికి తోడు ‘వెర్బ్ అంటే పని’ అని మనమే చెప్పి ఉంటాం. ‘ఈజ్’లో పని ఏముంది? పాపం, వెతికి వెతికి వ్యవసాయం కనబడ్డ చోట చెయ్యి పెడతారు.

‘ద గర్ల్ ఈజ్ హ్యాపీ’లో హ్యాపీ ఏమిటంటే, బాగా చదివే పిల్లలే యాడ్‌వర్బ్ అంటారు. ఎందుకంటే మనం ‘సంతోషంగా ఉంది’ అంటాం. ‘గా’ కనబడితే క్రియా విశేషణమని తెలుగు మాస్టారు చెప్పారు. తెలివిగల తప్పు అది. దానికి సున్నా వేసి వదిలేస్తే ఆ పిల్లకు తన తెలుగు మీదే అనుమానం పుడుతుంది. ‘ద హ్యాపీ గర్ల్’ అనవచ్చా? ‘ద హ్యాపిలీ గర్ల్’ అనవచ్చా? అని పక్కపక్కన పెట్టి అడిగితే తనే సరిచేసుకుంటుంది. ‘హి ఈజ్ గుడ్’లో గుడ్ నౌన్ అని రాసే పిల్లలూ ఉన్నారు. మనం ‘మంచివాడు’ అంటాం, అది చూడబోతే నామవాచకం లాగే ఉంటుంది మరి. నేను పేపర్లు దిద్దినన్నాళ్లూ ఈ మూడు తప్పులు రాని కట్ట చూడలేదు. అయినా ఏ పేపర్లోనూ వీటి గుట్టు తెలిసి అడిగిన ప్రశ్న కనబడలేదు. అడిగితే ‘ఆపిల్’ ఏమిటి, ‘బ్యూటిఫుల్’ ఏమిటి అని అడుగుతారు. వాటికి జవాబు తెలియని పిల్ల ఉండదు.

నిర్వచనాల మాట వచ్చింది గనక ఒక పాఠం సంగతి చెబుతాను. నౌన్ అంటే మనిషి, చోటు, వస్తువు పేరు. వెర్బ్ అంటే పని. ఈ రెండు మాటలూ నేను బోర్డు మీద రాయించేదాన్ని కాదు. ‘హిజ్ జంప్ వాజ్ హై’లో జంప్ పనే, కానీ అక్కడ నౌన్. ‘షి నోస్ ది ఆన్సర్’లో నోస్ వెర్బే, కానీ తెలిసి ఉండటంలో చేసే పని ఏమీ లేదు. అందుకని ఎనిమిదో తరగతికి ఒక అర్థం లేని వాక్యం రాసేదాన్ని: ‘ద ప్లిమ్మీ జోబ్స్ ట్రాకిల్డ్ ఎ డూక్ స్లంకిలీ.’ ఒక్క ‘ద’, ఒక్క ‘ఎ’ తప్ప అన్నీ నేను పుట్టించినవే. క్లాసంతా నవ్వేది. నవ్వు తగ్గాక, జోబ్స్ ఒకటా ఎక్కువా అని అడిగేదాన్ని. ఎక్కువ, చివర ‘ఎస్’ ఉంది. ఏం చేశాయి? ట్రాకిల్ చేశాయి, నిన్నో మొన్నో, చివర ‘ఈడీ’ ఉంది. దేన్ని? డూక్‌ని, ముందు ‘ఎ’ ఉంది. ఎలాంటి జోబ్స్? ప్లిమ్మీ, ‘ద’కూ నౌన్‌కూ మధ్యలో ఇరుక్కుంది. ఎలా ట్రాకిల్ చేశాయి? స్లంకిలీ. ఒక్క మాటకూ అర్థం తెలియకుండా ఐదూ తేల్చేవారు. ఒకసారి వెనక బెంచీలోంచి ఒకడు లేచి, ‘మేడం, ట్రాకిల్ చేస్తే డూక్‌కు నొప్పి పుడుతుందా?’ అని అడిగాడు. వాడికి ఆబ్జెక్ట్ అంటే ఏమిటో నేను మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

ఇది నా సొంత తెలివి కాదు. అమెరికాలో చార్లెస్ ఫ్రైస్ అనే పండితుడు సుమారు 50 గంటల టెలిఫోన్ సంభాషణలు రికార్డు చేయించి, వాటి ఆధారంగా 1952లో ఒక పుస్తకం రాశాడు. మాటల అర్థాన్ని పక్కన పెట్టి, వాక్యంలో ఏ ఖాళీలో ఏ మాట ఇమిడితే దానిది ఆ తరగతి అన్నాడు. పాత పేర్లు కూడా వద్దని నాలుగు పెద్ద తరగతులకు అంకెలే పెట్టాడు, మిగిలిన చిన్న మాటలను 15 గుంపులు చేశాడు. ఆ అంకెల పద్ధతి బడుల్లో నిలవలేదు, నిలవాలని కూడా నేను అనను. కానీ ఖాళీలో మాట పెట్టి చూడటమనే కిటుకు నిలిచింది. పల్లెటూరి బడిలో కూడా ఖర్చు లేకుండా నడిచే కిటుకు అది.

‘హర్’ చూడండి. ‘ఐ సా హర్’ అన్నప్పుడు హర్ తీసి ‘హిమ్’ పెడితే ఇముడుతుంది. ‘హర్ బ్యాగ్ ఈజ్ న్యూ’ అన్నప్పుడు ‘హిమ్’ ఇమడదు, ‘హిజ్’ ఇముడుతుంది. అంతే, మొదటిది ప్రొనౌన్, రెండోది బ్యాగ్‌ను పట్టుకుని ఉన్నది. ‘దట్’ కూడా ఇంతే. ‘దట్ బుక్’ అన్న చోట ‘దిస్’ పెట్టవచ్చు. ‘ఐ నో దట్ హి కేమ్’ అన్న చోట పెట్టలేం, అది రెండు ముక్కల్ని కలిపే కంజంక్షన్. ‘షి వెంట్ హోమ్’లో హోమ్ తీసి ‘దేర్’ పెడితే సరిపోతుంది, కాబట్టి అది యాడ్‌వర్బ్. ‘షి హాజ్ ఎ హోమ్’లో ‘దేర్’ పెట్టి చూడండి, వాక్యం విరిగిపోతుంది.

ఇప్పుడు నా అసలు తగాదా. ‘హర్ బ్యాగ్’లో హర్ ‘బ్యాగ్‌ను పట్టుకుని ఉన్నది’ అని కావాలనే అన్నాను, పేరు పెట్టలేదు. రెన్ అండ్ మార్టిన్ దాన్ని పొసెసివ్ యాడ్‌జెక్టివ్ అంటుంది. ఇప్పటి పుస్తకాలు చాలావరకు డిటర్మినర్ అంటాయి. పెన్ ట్రీబ్యాంక్ పొసెసివ్ ప్రొనౌన్ అంటుంది. మీరు ఆ మూడింటినీ నాలుగు ఆప్షన్లలో పెట్టి, ఒక్కదానికే మార్కు ఇస్తే, పరీక్ష రాసేవారి ఇంగ్లిష్ కొలిచినట్టు కాదు. వారి ఇంట్లో ఏ పుస్తకం ఉందో కనుక్కున్నట్టు. ‘స్కూల్ బస్’లో స్కూల్ సంగతీ అంతే. ‘వెరీ రెడ్ బస్’ అనవచ్చు, ‘వెరీ స్కూల్ బస్’ అనలేం, కాబట్టి అది నౌనే అని నేను చెబుతాను. బస్‌ను వివరిస్తోంది కాబట్టి యాడ్‌జెక్టివ్ పని చేస్తోందని మా సీనియర్ మేడం చెప్పేవారు. ఇద్దరం జీతాలు తీసుకునే చెప్పాం.

ప్రైమరీ కీ వచ్చాక అభ్యంతరాలు పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకోవచ్చు. గడువు నాలుగు రోజులో ఐదు రోజులో ఉంటుంది, ఆధారంగా పుస్తకం పేజీ స్కాన్ చేసి పెట్టమంటారు, కొన్ని పరీక్షల్లో ఒక్కో ప్రశ్నకు రుసుము కూడా కట్టాలి. పేజీ ఎవరైనా తేగలరు. మూడు జవాబులకూ మూడు పేజీలున్నాయి. ఫైనల్ కీలో ఏ పేజీ గెలిచిందో తెలుస్తుంది, ఎందుకు గెలిచిందో తెలియదు. ఆ మార్కుతో ఒకరికి పోస్టు వస్తుంది, ఒకరు మళ్లీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తారు. గ్రామర్‌లో ఇంత చిన్న తేడా మీద ఒకరి రెండేళ్లు ఆధారపడటం నాకు మింగుడు పడదు.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. వాక్యం లేని ప్రశ్నను పేపర్లోకి రానివ్వకండి. పండితుల మధ్యే తగవున్న మాటల్ని ఒక్క మార్కు బిట్‌కు వాడకండి. నౌన్, వెర్బ్, యాడ్‌జెక్టివ్ తేడా తెలుసుకోడానికి తగవులేని మాటలు బోలెడున్నాయి. తగవున్నవి అడిగే తీరాలంటే, పేపర్ మొదటి పేజీలో ఉండే సూచనల కింద ఒక లైను చేర్చండి: ఈ పేపర్లో మై, యువర్, హర్ లాంటివాటిని ఫలానాగా లెక్కించాం, ఆర్టికల్స్‌ను ఫలానాగా లెక్కించాం అని. ఓఎంఆర్ షీట్ ఎలా నింపాలో పేరా రాస్తారు, ఇది ఒక లైను.

బడి పేపర్లకైతే ఇంకొంచెం స్వేచ్ఛ ఉంది, అక్కడ బిట్లే ఉండాలని లేదు. ‘బిఫోర్’ వాక్యాలు మూడూ ఇచ్చి, మూడు చోట్లా బిఫోర్ తర్వాత ఏముందో రాయమనండి. ‘మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్’ ఇచ్చి, నిన్నటి సంగతిగా మారిస్తే ఏ మాట మారుతుందో చూపించమనండి. ‘ఈజ్’ పోయి ‘వాజ్’ వచ్చిందని రాసిన పిల్లకు వెర్బ్ దొరికినట్టే, పేరు పెట్టినా పెట్టకపోయినా. పేరుకు అర మార్కు, కారణానికి ఒకటిన్నర ఇవ్వండి. దిద్దేవారికి కష్టమని గొణుగుతారు, నేనూ గొణిగేదాన్నే. స్కీమ్ ఆఫ్ వాల్యుయేషన్‌లో ఒప్పుకోదగ్గ కారణాలు ముందే రాసి పంపితే ఆ గొణుగుడు సగం తగ్గుతుంది.

మోడల్ పేపర్లు అచ్చేసేవారికి మాత్రం ఒక చిన్న మనవి. ఆ ‘ఫాస్ట్’ బిట్ వచ్చే ఏడాది ఎడిషన్‌లో అలాగే ఉంచదలిస్తే, ఐదో ఆప్షన్ ఒకటి పెట్టి ‘పైవన్నీ’ అని రాయండి. కీ కూడా మార్చండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఇంగ్లిష్ టీచర్